నల్లచొక్కా మీద తెల్లక్షరం

సావనీరుకి ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగితే మనవాళ్ళు మామూలుగా కవిత రాస్తారు. లేకపోతే విహారయాత్రా విశేషాలు రాస్తారు. నాకు కవిత్వం రాదు. విహారయాత్రకి నేను వెళ్ళలేదు. నాకు కాస్తో కూస్తో తెలిసిన సంగతి ఒక్కటే ఉంది: నల్లచొక్కా మీద తెల్లక్షరం నిలబడేటట్టు వేయించడం ఎలా అన్నది. "ఇదీ ఒక విషయమేనా?" అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. కానీ ప్రతి ఏడూ మన కాలేజీలో ఏదో ఒక డిపార్టుమెంటు వాళ్ళు తలా ఇంత పోగుచేసి టీషర్టులు వేయిస్తూనే ఉన్నారు. ఏ రంగు అంటే అందరూ ఒక్క గొంతుతో "నలుపు" అంటారు. మాసినా కనబడదు, హాస్టల్లో సబ్బు కలిసొస్తుంది, ఫోటోలో మనిషి కాస్త సన్నగా కనిపిస్తాడు. ఇన్ని సుగుణాలున్న రంగు మరొకటి లేదు.

ఒక్కటే చిక్కు. నాలుగు నెలలు తిరిగేసరికి దాని మీది తెల్లక్షరాలు ఒక్కొక్కటే సెలవు పుచ్చుకుంటాయి. మా సీనియర్ ఒకాయన చొక్కా మీద "కెమిస్ట్రీ" అని ఉండేది. మొదటి అక్షరం ఊడిపోయి "మిస్ట్రీ" మిగిలింది. ఎమ్మెస్సీ పూర్తయ్యేదాకా ఆయన్ని అందరం "మేస్త్రీగారూ" అనే పిలిచాం. ఆయన మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

ఇంతకీ నాకీ విద్య ఎలా అబ్బిందో చెప్పాలి. నేనుండేది అంబర్‌పేటలో, ముగ్గురం కలిసి తీసుకున్న ఒక గదిలో. ఎమ్మెస్సీలో చేరిన కొత్తలో, సాయంత్రాలు ఏదైనా పని దొరికితే గది అద్దెకి ఆసరాగా ఉంటుందని వెతికాను. బర్కత్‌పురా మీదుగా నారాయణగూడ చౌరస్తా దాటి చిక్కడపల్లి సందుల్లోకి వెళితే శుభలేఖలు, బిల్లుబుక్కులు, విజిటింగు కార్డులు, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు వేసే దుకాణాలు చాలా కనిపిస్తాయి. అలాంటి ఒక సందులో ఒక చిన్న మల్గీ. లోపల రెండు బల్లలు, గోడకి ఆనించిన చెక్క ఫ్రేములు, ఒక హీట్ ప్రెస్, పైన తిరిగీ తిరగని ఫ్యాను. చేసేది స్క్రీన్ ప్రింటింగు. యజమాని కృష్ణాజిల్లా పెడన నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డ మనిషి. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. ఆయన నన్ను "ఏవయ్యా ఎమ్మెస్సీ" అంటారు. ఏడాదిన్నర పాటు వారానికి నాలుగు సాయంత్రాలు అక్కడ పనిచేశాను. ఫ్రేములు కడగడంతో మొదలుపెట్టి స్క్వీజీ పట్టేదాకా వచ్చాను.

స్క్రీన్ ప్రింటింగు తెలియనివారి కోసం రెండు మాటలు. చెక్క ఫ్రేముకి సన్నని వలలాంటి బోల్టింగు గుడ్డ బిగిస్తారు. దానికి వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి, బొమ్మ ఉన్న ఫిల్ము కింద వెలుతురు చూపిస్తారు. నల్లటి బొమ్మ వెలుతురుని అడ్డుకున్నచోట ఎమల్షన్ గట్టిపడదు. నీళ్ళతో కడిగితే పోయి, అక్కడ వల తెరుచుకుంటుంది. ఆ ఫ్రేముని చొక్కా మీద పెట్టి, ఇంకు పోసి, రబ్బరుపట్టీ ఉన్న స్క్వీజీతో లాగితే, తెరుచుకున్న చోట్లనుంచి ఇంకు గుడ్డ మీదికి దిగుతుంది. అంతే. తెల్లచొక్కా మీద ఏ రంగైనా ఈ పద్ధతిలో ఒక్క లాగుకి పడిపోతుంది. కష్టమంతా నల్లచొక్కాతోనే.

ఎందుకు కష్టమన్నది మన లెక్చరర్లకి చెప్పనక్కర్లేదు. అయినా ఇది అందరూ చదివే సంచిక కాబట్టి చెబుతాను. నీళ్ళతో కలిపే మామూలు రంగు ఇంకు రంగుకాగితంలాంటిది. వెలుతురు దానిలోంచి దూరి, కింది తెల్లగుడ్డకి తగిలి వెనక్కి వస్తేనే ఆ రంగు మనకి కనిపిస్తుంది. కింద నల్లగుడ్డ ఉంటే లోపలికి వెళ్ళిన వెలుతురు మళ్ళీ బయటికి రాదు. ఎరుపు మట్టిరంగవుతుంది, పసుపు మాయమవుతుంది. తెలుపు సంగతి ఇంకా విచిత్రం. నీలిమందులాగా, మంజిష్ఠలాగా గుడ్డలోకి ఇంకిపోయే "తెల్లరంగు" అంటూ లోకంలో లేదు. వెలుతురుని చెదరగొట్టి వెనక్కి పంపే పొడి ఏదైనా తెల్లగా కనిపిస్తుంది. మజ్జిగలో వెన్నకణాలు చేసేది అదే, మబ్బులో నీటిచుక్కలు చేసేది అదే.

గోడకి సున్నం వేసేటప్పుడు గమనించండి. తడిగా ఉన్నప్పుడు వెలిసిపోయినట్టుంటుంది, ఆరాక తెల్లగా తేలుతుంది. బ్లాక్‌బోర్డు మీద సుద్దగీత మీద తడిగుడ్డ తగిలినా అంతే. మాయమైనట్టుండి, ఆరగానే మళ్ళీ పైకొస్తుంది. సుద్ద వక్రీభవన గుణకం సుమారు 1.6. గాలిది 1, నీళ్ళది 1.33. చుట్టూ గాలి ఉంటే తేడా ఎక్కువ కాబట్టి వెలుతురు బాగా చెదురుతుంది; నీళ్ళు నిండితే తేడా తగ్గి తెలుపు తగ్గుతుంది. ఇంకులో పొడిని గుడ్డకి అంటించి ఉంచే బైండరు గుణకం సుమారు 1.5. సుద్దపొడిని అందులో కలిపితే దాదాపు కనబడకుండా పోతుంది. అందుకే నల్లగుడ్డ మీద సుద్ద పనికిరాదు, టైటానియం డయాక్సైడు కావాలి. రూటైల్ రూపంలో దాని గుణకం సుమారు 2.7. ఇంత తేడా ఉంటే బైండరులో మునిగినా తెల్లగానే ఉంటుంది. ఆ టైటానియం ఉన్న ఇల్మనైటు ఇసుక మన భీమునిపట్నం తీరంలోనూ ఉంది.

ఈ మాటలన్నీ ఒకరోజు బాబాయికి చెబితే శ్రద్ధగా విన్నారు. విని, "మీ పుస్తకం సరేనయ్యా. మా నాన్న అసలు తెలుపు వేసేవాడే కాదు, వదిలేసేవాడు" అన్నారు.

వాళ్ళ నాన్నగారిది పెడనలో కలంకారీ అద్దకం పని. అక్కడ గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్ళలో నానబెట్టి పులియబెట్టిన ద్రావకంతో నల్లగీతలు అచ్చు వేస్తారు. ఎరుపు రావాల్సినచోట పటికనీళ్ళతో అచ్చు వేసి, రంగుచెక్కలతో ఉడకబెడతారు. పటిక ఉన్నచోటనే రంగు పట్టుకుంటుంది. లేనిచోట పట్టినట్టు కనిపించినా పారేనీళ్ళలో ఉతికి, ఎండలో ఆరవేస్తే పోతుంది. పాతరోజుల్లో నీలిమందు తొట్టిలో ముంచాల్సి వస్తే, తెల్లగా ఉండాల్సిన భాగాన్ని మైనంతో కప్పేవారు. పుట్టపాక, చీరాల తేలియా రుమాళ్ళలోనైతే ఇంకా ముందే, నేతకి ముందే, దారాన్ని కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు విప్పినచోట తెలుపు ఉంటుంది. అంటే వీటిలో తెలుపు గుడ్డదే, మొదటినుంచీ ఉన్నదే. దాన్ని కాపాడటమే పని.

అప్పటినుంచి ఈ విషయం నా బుర్రలో మూడు దారులుగా కుదురుకుంది. నలుపు మీద తెలుపు కనబడాలంటే తెలుపుని ముందునుంచీ కాపాడాలి, లేదా వేసిన నలుపుని తీసెయ్యాలి, లేదా నలుపు మీద తెలుపుని పెట్టాలి. మొదటి దారి మనకి చెల్లదు. మన చొక్కాలు తిరుపూరు నుంచి నల్లగానే వస్తాయి. మిగిలినవి రెండు. వాటిలో మళ్ళీ రకాలు.

పెట్టే రకాల్లో మొదటిది ప్లాస్టిసాల్. ఇది పి.వి.సి. పొడిని నూనెలాంటి ద్రవంలో కలిపిన ముద్ద. దీని గొప్పతనం ఏమిటంటే ఫ్రేము మీద ఎన్ని గంటలున్నా ఎండిపోదు. 160 డిగ్రీల దాకా వేడి చేస్తేనే గట్టిపడుతుంది. ఒక పూత వేసి, వేడిగాలి చూపించి, పైన రెండో పూత వేస్తే పాలమీగడలాగా తెల్లగా వస్తుంది. కానీ అది గుడ్డ మీద పరిచిన ప్లాస్టిక్కు. మే నెలలో ఛాతీ నిండా అది ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దాని మీద ఇస్త్రీపెట్టె పెడితే అక్షరం పెట్టెకి అంటుకుని వస్తుంది. పాలియెస్టర్ గుడ్డ అయితే మరో తమాషా. ఆ వేడికి గుడ్డలో ఉన్న రంగు ఆవిరై పైకి పాకి, తెల్ల అంకెలు నెమ్మదిగా గులాబీరంగులోకి తిరుగుతాయి. మెరూన్ రంగు జెర్సీల మీద ఈ తమాషా చూశాను.

రెండోది మన దేశంలో అద్దకంవాళ్ళందరూ "ఖాదీ" అని పిలిచే తెల్లముద్ద. ఖద్దరుతో దీనికేమీ సంబంధం లేదు. టైటానియం డయాక్సైడు, అక్రిలిక్ బైండరు, నీళ్ళు కలిసిన ముద్ద ఇది. జైపూరు దుప్పట్ల మీద ముదురురంగు నేలపై కాస్త ఉబ్బెత్తుగా కనిపించే తెల్లపూలు దీనితో వేసినవే. మొదటి లాగుకి బూడిదరంగులో వస్తుంది, ఆరాక రెండో లాగు వేస్తే తెల్లబడుతుంది. 150 డిగ్రీల వేడి మూడు నాలుగు నిమిషాలు తగిలితే గుడ్డకి పట్టుకుంటుంది. దీని దుర్గుణం, ఎండాకాలంలో ఫ్రేము మీదే ఎండిపోయి కన్నాలు మూసెయ్యడం. పక్కన నీళ్ళ స్ప్రే పెట్టుకుని చేతులు ఆపకుండా పనిచేయాలి. బైండరు తక్కువైతే సుద్దలా రాలుతుంది, ఎక్కువైతే తెలుపు తగ్గి అట్టకడుతుంది. పాళ్ళు తెలిసిన చేతిలోనే ఇది మాట వింటుంది.

మూడోది ఈ నాలుగైదేళ్ళలో ఊరంతా పాకిపోయిన డి.టి.ఎఫ్. ఇందులో ఫ్రేములూ వలలూ లేవు. కంప్యూటర్లో బొమ్మని ప్లాస్టిక్ ఫిల్ము మీద ముందు రంగులు, వాటిపైన తెలుపు వచ్చేట్టు ప్రింటు చేసి, జిగురుపొడి చల్లి కరిగిస్తారు. ఆ ఫిల్ముని చొక్కా మీద పెట్టి ప్రెస్సులో పది పదిహేను సెకన్లు నొక్కి, ఫిల్ము ఊడదీస్తే బొమ్మ చొక్కాకి అంటుకుని ఉంటుంది. ఎన్ని రంగులైనా వస్తాయి, ఏ గుడ్డ మీదైనా అంటుతుంది, ఒక్క చొక్కా అయినా వేసిపెడతారు. అయితే ఇది కూడా పైన అంటించిన పొరే. పెద్ద బొమ్మ అయితే గాలి ఆడదు. ప్రెస్సులో వేడి, ఒత్తిడి సరిగ్గా లేకపోతే అంచులు లేస్తాయి.

ఇక తీసేసే దారి. దీన్ని డిస్చార్జి అంటారు. ఈ ముద్దలో తెల్లరంగు ప్రధానం కాదు, ఒక రిడ్యూసింగు ఏజెంటు ప్రధానం. సోడియంతోగాని జింకుతోగాని చేసిన ఫార్మాల్డిహైడ్ సల్ఫాక్సిలేటు అది. వేడి తగలగానే అది గుడ్డలోని రంగు అణువులో రెండు నైట్రోజన్ల మధ్యనున్న అజో బంధాన్ని తెగ్గొడుతుంది. రంగు పోయి గుడ్డ సహజమైన రంగు బయటపడుతుంది. చేత్తో తడిమితే అక్షరం ఉన్నట్టే తెలియదు. అంత మెత్తగా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మాకు మతిపోయింది. రిడక్షన్ గురించి పరీక్షల్లో పేజీలకి పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం, కళ్ళెదుట నల్లచొక్కాలోంచి అక్షరం తెల్లబడుతూ రావడం అప్పుడే చూశాం.

అయితే ఇది నూలుగుడ్డ మీదే పనిచేస్తుంది. అందులోనూ విరిగే రంగు వాడిన గుడ్డ అయితేనే. ఒక బేరంలోని నలుపు గోధుమరంగులోకి, మరో బేరంలోని నలుపు పాలెక్కువైన టీ రంగులోకి దిగుతుంది. కొన్ని నీలాలు అసలు చలించవు. కలిపిన ముద్ద కొన్ని గంటలే పనిచేస్తుంది, మర్నాటికి దాచుకోవడానికి లేదు. అన్నిటికీ మించి దాని వాసన. వేడి తగిలినప్పుడు గంధకపు కంపు, దానితోపాటు జువాలజీ మ్యూజియంలో సీసాల దగ్గర వచ్చే ఫార్మలిన్ ఘాటు. ప్రపంచ ఆరోగ్యసంస్థకి చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ని మనుషుల్లో కేన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

ఇంతవరకూ చెప్పింది సరంజామా. అసలు పరీక్ష పోయిన విద్యాసంవత్సరం మా డిపార్టుమెంటు వార్షికోత్సవానికి వచ్చింది. నూట ఎనభై చొక్కాలు. నలుపే. నేను మల్గీలో పనిచేస్తానని తెలిసి ఆ బాధ్యత నా నెత్తిన పెట్టారు.

నేను మొదట చేసిన పని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి మనుషుల చొక్కాలు చూడటం. వింతగా ఉందా? అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే అన్నలూ అక్కలూ పొద్దున్నే వచ్చి అక్కడ కూర్చుంటారు. చాలామంది డిగ్రీ అయి మూడు నాలుగేళ్ళు దాటినవాళ్ళు. వాళ్ళ ఒంటిమీద వాళ్ళ కాలేజీ రోజుల టీషర్టులు. టీకొట్టు దగ్గర నిలబడి చూస్తే ప్రింటింగు పద్ధతులన్నీ వరసగా నడిచివెళతాయి. ఒకరి ఛాతీ మీద పగుళ్ళిచ్చిన ప్లాస్టిసాల్, ఎండిన చెరువులా. ఒకరిది అంచులు లేచిన డి.టి.ఎఫ్. ఒకరిది కాలేజీ పేరులో మొదటి సగం మాత్రమే మిగిలింది. మరొకరిది బాగా వెలిసినా ప్రతి అక్షరమూ చదవడానికి వస్తోంది. అడిగితే "ఎనిమిదేళ్ళయింది తమ్మీ" అన్నారాయన. దగ్గరగా చూస్తే అది ఖాదీ.

అక్కడ నిలబడినప్పుడు నాకొక సంగతి తట్టింది. మనం వార్షికోత్సవం నాటి ఫోటో కోసం చొక్కా వేయిస్తాం. కానీ ఆ చొక్కా కాలేజీ వదిలాక కూడా మనిషితో ఉంటుంది. ఉద్యోగం రాని రోజుల్లో, అద్దెగదిలో, బస్సులో, లైబ్రరీలో అదే ఒంటిమీద ఉంటుంది. అప్పుడు ఆ అక్షరాలు ఊడిపోయి వేలాడుతుంటే చూసేవాళ్ళకి నవ్వు రావచ్చుగాని, తొడుక్కున్నవాడికి రాదు.

తరవాత మీటింగు పెట్టాం. కమిటీలో ఎక్కువమంది డి.టి.ఎఫ్. అన్నారు. వెనకవైపు నాలుగు రంగుల్లో పెద్ద చిహ్నం, దాని కింద అందరి పేర్లు ఉండాలన్నారు. "పక్క డిపార్టుమెంటోళ్ళది రంగుల్ల ఉన్నది, మనది బ్లాక్ అండ్ వైటా?" అని ఒక మిత్రుడి వాదన. నలుగురైదుగురు నేను చూపించిన డిస్చార్జి నమూనా తడిమి చూసి, "ఇంత మెత్తగా ఉంటే ఇంకేం కావాలి, ఇదే వేయించు" అన్నారు. మాట మీద మాట పెరిగింది.

అప్పటిదాకా వెనక బెంచీలో కూర్చున్న నల్లగొండ జిల్లా మిత్రుడొకడు లేచాడు. డబ్బులు రెండు విడతల్లో ఇస్తానని ముందే చెప్పుకున్నవాడు. "అవన్నీ సరే గని, ఎన్ని దినాలు ఒస్తదిరా ఇది? నేను రెండేండ్లు ఏస్కోవాలె. తర్వాత మా తమ్ముడు ఏస్కుంటడు" అన్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. నూట ఎనభైమందిలో అలాంటి లెక్క వేసుకునేవాళ్ళు అతనొక్కడే కాదని అందరికీ తెలుసు.

సరే, వాదన ఎందుకు, చూద్దామన్నాను. ఒకే బేరంలోని నల్లచొక్కాలు నాలుగు తెచ్చి, ఒకే మాటని నాలుగు పద్ధతుల్లో వేయించాను. వాటిని హాస్టల్ మిత్రులకి ఇచ్చి, మామూలుగా ఎలా ఉతుకుతారో అలాగే ఉతకమన్నాను. అంటే బిళ్ళసబ్బు, బ్రష్షు, బండ, మేడమీద ఎర్రటి ఎండ. పది ఉతుకులయ్యాక నాలుగూ బల్ల మీద పరిచాం. ప్లాస్టిసాల్ తెలుపు చెక్కుచెదరలేదుగాని, ఒక మహానుభావుడు దానిమీద ఇస్త్రీపెట్టె తిప్పినందువల్ల ఒక అక్షరం సాగిపోయింది. డి.టి.ఎఫ్.లో సన్నని గీతలు బాగానే ఉన్నాయి, పెద్ద దిమ్మ ఒక మూల లేచింది. డిస్చార్జి ఉతికేకొద్దీ ఇంకా మెత్తబడింది, కానీ మొదటినుంచీ అది తెలుపు కాదు, మీగడరంగు. ఖాదీ కాస్త మందగించింది, ఎక్కడా ఊడలేదు.

డిస్చార్జి కావాలన్నవాళ్ళు ఆ మీగడరంగే బాగుందన్నారు. నిజంగానే బాగుంది. అప్పుడు వాళ్ళని సాయంత్రం మల్గీకి తీసుకెళ్ళాను. అక్కడ వేడిపెట్టే పని చేసేది ఒడిశా నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడు. నమూనా వేసిన రోజు ఒక్క చొక్కాకే అతను కళ్ళు తుడుచుకుంటూ రెండుసార్లు బయటికి వెళ్ళి వచ్చాడు. ఆ మల్గీకి వెనక కిటికీ లేదు. గాలి లాగే ఫ్యాను లేదు. ఉన్న ద్వారం ఒక్క షట్టరే. అక్కడ నూట ఎనభై చొక్కాలు, రెండు రాత్రులు! బాబాయ్ పని వద్దనుకునే మనిషి కాదు, ఆర్డరు ఆర్డరే. అయినా ఆయనే అన్నారు: "మెత్తగా ఉంటదయ్యా, కాదన్ను. మంచి ఎగ్జాస్టు ఉన్న ఫ్యాక్టరీలో అయితే చెయ్యొచ్చు. ఇక్కడ చేస్తే వీడి కళ్ళు పోతయ్." మావాళ్ళు ఆ కుర్రాడి వైపు చూశారు. ఫార్మాల్డిహైడ్ గురించి ఎవరికీ ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం రాలేదు. మన ల్యాబులో ఫ్యూమ్ హుడ్ లేకుండా చెయ్యని పనిని డబ్బులిచ్చి ఇంకొకరి చేత మూసిన గదిలో చేయించడం ఏం న్యాయమని ఒక అమ్మాయి అడిగింది. దానికి జవాబు లేదు.

ఖాదీ ఖాయమైంది. దానికోసం వదులుకోవాల్సినవి వదులుకున్నాం. నాలుగు రంగుల చిహ్నం పోయింది. వెనక పేర్లు పోయాయి. పేర్లు పోయినందుకు కొందరు చాలారోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఖర్చు మాటకొస్తే ఫ్రేము ఖర్చు ముందే పెట్టుకోవాలిగాని, చొక్కాలు వంద దాటాయంటే ఒక్కోదానికి పడే భారం చాలా తక్కువ. పది చొక్కాలే అయితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు డి.టి.ఎఫ్. చవక.

ఇంకొక చిక్కు తెలుగు లిపితో వచ్చింది. ఈసారి పేరు తెలుగులోనే ఉండాలని ముందే నిర్ణయించాం. "రసాయన శాస్త్ర విభాగం" అని అందమైన సన్నని అక్షరాల్లో డిజైను తెచ్చారు. తెల్లముద్ద చిక్కగా ఉంటుంది కాబట్టి సన్నని వలలోంచి దిగదు. సెంటీమీటరుకి 40 దారాలున్న ముతక వల కావాలి. ముతక వలతో రెండుసార్లు లాగితే ఇంకు అంచుల దగ్గర కాస్త పాకుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకి దానివల్ల పెద్ద నష్టం లేదు. మన అక్షరాలు అలా కాదు. "స్త్ర" కింద ఒత్తు మీద ఒత్తు. వాటి మధ్యనున్న సందులన్నీ పూడిపోయి ముద్ద తయారైంది. సున్నా లోపలి ఖాళీ నిండి అది పెద్ద చుక్కగా మారింది. బాబాయ్ చూసి, "అక్షరాలకి ఊపిరాడట్లేదయ్యా" అన్నారు. చివరికి "రసాయనం" అన్న ఒక్క మాట ఉంచాం. ఒత్తులు లేవు. పాతకాలపు సైన్‌బోర్డు పెయింటర్ల పద్ధతిలో, లోపలి ఖాళీలు బాగా తెరిచి, అక్షరాన్ని మూడంగుళాల ఎత్తున మా క్లాసుమేటు ఒకమ్మాయి చేత్తో రాసింది. నా మట్టుకు నాకు ఆ ఒక్క మాటే మొదటి డిజైనుకన్నా బాగుందనిపించింది.

రెండు రాత్రులు పన్నెండుమందిమి పనిచేశాం. ఒకరు లాగడం, ఒకరు ఫ్రేము ఎత్తడం, ఒకరు తీగమీద ఆరవెయ్యడం, ఒకరు వేడి పెట్టడం, ఒకరు టీ తేవడం. ఆఖరి ఉద్యోగానికి పోటీ ఎక్కువ. ప్రతి ఇరవయ్యో చొక్కాకి తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూశాం. రంగు గుడ్డకి అంటితే వేడి చాలలేదన్నమాట. మళ్ళీ ప్రెస్సు కింద పెట్టాం. నూట ఎనభైలో పదకొండు పాడయ్యాయి. ఇలాంటి పనిలో అది మామూలేనని బాబాయ్ ముందే పదిహేను ఎక్కువ తెప్పించారు. మిగిలిన నాలుగూ ల్యాబు అటెండర్లకి ఇచ్చాం.

ఇప్పటికి ఏడాది నిండింది. ఆ చొక్కాలు ఇంకా క్యాంపస్‌లో తిరుగుతున్నాయి. కొత్తలో ఉన్న తెలుపు లేదు. మడతపడే చోట సన్నని గీతలు వచ్చాయి. కానీ దూరం నుంచి చదవడానికి వస్తోంది, ఇంతవరకు ఎవరికీ కొత్త పేరు పెట్టే అవకాశం రాలేదు. నల్లగొండ మిత్రుడు తన చొక్కాని తిరగేసి ఉతుకుతాడు, నీడలో ఆరేస్తాడు. అందరిలోకీ అతనిదే కొత్తగా ఉంది.

వచ్చే ఏడు నల్లచొక్కాలు వేయించదలచిన జూనియర్లకి నా సలహా చిన్నది. దుకాణానికి వెళ్ళి "ఏది బాగుంటుంది?" అని అడగకండి, ప్రతి దుకాణంలోనూ వాళ్ళ దగ్గరున్న యంత్రమే బాగుంటుంది. ముందు మీలో మీరు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. చొక్కాలు ఎన్ని? గుడ్డ నూలా, పాలియెస్టరా? వేసుకునేవాళ్ళు ఎన్నాళ్ళు వేసుకోవాలి, ఎలా ఉతుకుతారు? వేసేవాళ్ళు ఎక్కడ నిలబడి వేస్తారు, అక్కడ గాలి ఉందా? ఆటలవాళ్ళ పాలియెస్టర్ జెర్సీలకి, పదిలోపు చొక్కాలకి, రంగుల బొమ్మలకి డి.టి.ఎఫ్. మంచిదే, బొమ్మ చిన్నదిగా, మధ్యమధ్య ఖాళీలతో పెట్టుకోండి. నూలుచొక్కాలు వంద దాటితే ఖాదీ రెండు పూతలు. డిస్చార్జి కావాలనుకుంటే గాలి లాగే ఏర్పాటు ఉన్న చోటికి వెళ్ళండి, తొడుక్కునేముందు ఒకసారి ఉతకండి. ఏ పద్ధతైనా సరే, మొత్తం ఆర్డరు ఇచ్చేముందు అదే బేరంలోని ఒక్క చొక్కా వేయించి, పదిసార్లు ఉతికి చూడండి. దానికి మూడువారాలు కావాలి. కాబట్టి వార్షికోత్సవం తేదీ ఖాయమైన రోజునే మొదలుపెట్టండి.

మా ఫ్రేము డిపార్టుమెంటు స్టోర్‌రూంలో బీరువా వెనక ఉంది. వల బాగానే ఉంది. ఎమల్షన్ కడిగేస్తే మళ్ళీ పనికొస్తుంది. కావలసినవారు స్టోర్‌కీపరుగారిని అడిగి తీసుకోవచ్చు.